అనంతపురం ఎండలో బరోలో సీసా: తేవడం నుంచి తాగడం దాకా

పిల్లలు ఇటలీలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉన్న ఇళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు తక్కువేం లేవు. మా అమ్మాయి తొరీనోలో ఉంటుంది. సెలవులకు వచ్చేటప్పుడు ఈ పిల్లలు చాక్లెట్లతో పాటు ఒక వైన్ సీసా కూడా పెట్టెలో పెట్టుకొస్తారు. అది మామూలు వైన్ అయితే ఇంత చదవక్కర్లేదు, చల్లబరిచి తాగేయండి. సీసా మీద బరోలో అని (ఇటలీలో ఒక ఊరి పేరుతో వచ్చే ఎర్ర వైన్ అది), దానితో పాటు కన్నూబి, బ్రునాతె, బుస్సియా లాంటి ఇంకో పేరు కూడా ఉంటే మాత్రం కాస్త ఆగండి. బరోలో ప్రాంతమంతటి ద్రాక్షనూ కలిపి చేసింది కాదది, ఆ పేరున్న తోటలో పండిన ద్రాక్షతోనే చేసింది. అక్కడి కొట్లలోనే దానికి ధర బాగానే ఉంటుంది. కన్నూబి అయితే ఇంకా పైమాటే. అలాంటిదాన్ని పాడుచేయడానికి మా అనంతపురంలో ఒక్క మే నెల మధ్యాహ్నం చాలు.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యాను. వైన్ గురించి కవిత్వం నాకు రాదు. వేడి ఏం చేస్తుందో, గాలి ఏం చేస్తుందో, వగరు ఎందుకు పుడుతుందో చెప్పగలను. ఈ సీసా విషయంలో పని చాలావరకు అదే.

సీసా మీద ఏం చూడాలి

ముందు సీసా మెడ చుట్టూ అతికించిన సన్నటి ప్రభుత్వ చీటీ చూడండి. దానిమీద డి.ఓ.సి.జి. అని (ఇటలీలో వైన్లకు ఇచ్చే అన్నిటికంటే పై హోదా అది), ఒక వరస నంబరు ఉంటాయి. బరోలోకు ఆ హోదా 1980లో వచ్చింది. ఆ హోదా ఉన్న వైన్‌ను నెబ్బియోలో అనే ఒక్క రకం ద్రాక్షతోనే చేయాలి. ఇటలీ వాయవ్యాన పియెమోంతె రాష్ట్రంలోని 11 ఊళ్ళ పొలిమేరల్లోనే ఆ ద్రాక్ష పండాలి. కోత ఏడాది నవంబరు నుంచి లెక్కపెట్టి కనీసం 38 నెలలు నిలవ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. లేబుల్ మీద రిసెర్వా అని ఉంటే 62 నెలలు. చాలా సీసాల భుజం మీద ఆల్బెయిజా అని గాజులోనే ఉబ్బెత్తుగా అక్షరాలు ఉంటాయి. అది వైన్ పేరు కాదు, ఆ ప్రాంతం వాళ్ళు వాడే సీసా ఆకారం పేరు. మా ఇంట్లో అందరూ ముందు దాన్నే కూడబలుక్కుని చదివారు.

తోట పేరుకు అంత విలువ ఎందుకన్నది మా తమ్ముడికి నేను చెప్పనక్కర్లేకపోయింది. వాడు ఊరి బయట ద్రాక్ష పెడతాడు. సీసా ధర వినగానే "ఏందక్కా, ద్రాక్ష రసానికి ఇన్ని దుడ్లా?" అన్నాడు. మన పల్లెల్లో బండ చేను, ఈతమాను చేను, వంక చేను అని ప్రతి చేనికీ ఒక పేరుంటుంది కదా. వాన ఒకే తీరుగా పడినా ఏ చేన్లో శెనక్కాయ ఊడలు బాగా దిగుతాయో, ఏ చేను ముందు ఎండుతుందో ఊరందరికీ తెలుసు. బరోలో వాళ్ళు అలాంటి పేర్లన్నిటినీ మ్యాపు మీద హద్దులు గీసి 2010లో చట్టంలో ఎక్కించారు. మొత్తం 181 పేర్లు. ఇది చెప్పేసరికి వాడు ధర సంగతి వదిలేసి నేల సంగతి అడగడం మొదలుపెట్టాడు.

నేల సంగతి నిజంగానే అడగాల్సిందే. కన్నూబి అన్నది బరోలో ఊరి పక్కనే పొడుగ్గా సాగిన ఒక తక్కువ ఎత్తు గుట్ట. సముద్ర మట్టానికి ఎత్తు చూస్తే మా అనంతపురానికి, దానికి పెద్ద తేడా లేదు. మిగతాదంతా తేడానే. అక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బంకమట్టే ఇప్పటి నేల. ఆ ప్రాంతంలో కనిపించే రెండు రకాల పాత నేలలు, ఒకటి బంక ఎక్కువున్నది, ఒకటి ఇసుక ఎక్కువున్నది, ఈ గుట్ట దగ్గర కలుస్తాయి. అందుకే ఇక్కడి వైన్‌లో సువాసన, బలం రెండూ ఉంటాయని అంటారు. నెబ్బియోలో మొండి రకం. వసంతంలో అందరికంటే ముందు చిగురిస్తుంది, పండడం మాత్రం అందరికంటే ఆఖరున, అక్టోబరులో. ఎండ బాగా తగిలే వాలులో పెడితే తప్ప సరిగ్గా పండదు. మాకు ఎండ దండిగా ఉంది, వాన లేదు. వాళ్ళకు ఎండే కరువు. "ఎండకు రేటు కట్టే ఊరు కూడా ఉందా!" అని మా తమ్ముడు నవ్వాడు.

వాడి ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇంకోటుంది. ఇక్కడ వాడు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తాడు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. అక్కడ చలికాలంలో ఒక్కసారే. చలికి తీగ తనంతట తానే నిద్రపోతుంది. ఇక్కడ చలి లేదు కాబట్టి ఆ పని కత్తెరే చేయాలి. దిగుబడి కూడా అక్కడ హెక్టారుకు 8 టన్నులు దాటకూడదని నిబంధన. తినే ద్రాక్ష పండించే మన రైతుకు అంత తక్కువంటే నష్టం కిందే లెక్క.

కన్నూబి పేరు ఎంత పాతదంటే, 1752 సంవత్సరం వేసి, ఆ పేరు రాసిన సీసా ఒకటి ఇప్పటికీ ఉంది. దానిమీద బరోలో అన్న మాట కూడా లేదు. గట్టు తగాదాలు మన సీమలోనే అనుకుంటాం గానీ, ఆ గుట్ట మీదా ఉన్నాయి. పక్కనే ఆనుకుని ఉన్న బోస్కిస్, సాన్ లోరెంజో, వల్లెత్తా, ముస్కతెల్ అనే ముక్కల వాళ్ళు కూడా వట్టి కన్నూబి అని రాసుకోవచ్చా లేదా అని కోర్టుకెక్కారు. 2012లో రాసుకోకూడదని ఒక కోర్టు అంది, 2013లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గుట్ట మీద ఒక్కడి తోట లేదు, చాలామందికి తలా కొంత ఉంది. కాబట్టి తోట పేరుతో పాటు చేసినవాళ్ళ పేరు కూడా చూడాలి. మా అమ్మాయి తెచ్చింది ఎవరిదో చెప్పను గానీ, 1990 నుంచి అక్కడ ఈ. పీరా అనే పాత సంస్థను నడుపుతున్న కియారా బోస్కిస్ అనే ఆవిడ చేసే కన్నూబి తాగాలని నా కోరిక. దాదాపు అంతా మగవాళ్ళే ఉన్న రోజుల్లో ఆవిడ ఆ రంగంలోకి వచ్చింది.

ఒక్క తోట వైనే గొప్పదన్న మాటను మాత్రం గుడ్డిగా నమ్మకండి. నాలుగు తోటల ద్రాక్ష కలిపితేనే బరోలో అని పట్టుపట్టినవాళ్ళూ ఉన్నారు. బర్తోలో మస్కరెల్లో అనే ఆయన చివరిదాకా అలాగే చేశారు. ఆయన కలిపే తోటల్లో కన్నూబి కూడా ఒకటి. ఒక్క తోటను విడిగా సీసాలో పోసి పేరు పెట్టడం 1961 పంట నుంచి ఊపందుకున్న పద్ధతి. అంతకు ముందు కలపడమే రివాజు.

ఇంటికి చేర్చడం

విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్ళు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఒక్కో సీసా 750 మిల్లీలీటర్లు, అంటే రెండు సీసాలు హాయిగా తేవచ్చు. చేతి సంచిలో చాలా ఎయిర్‌పోర్టుల్లో రానివ్వరు, చెకిన్ పెట్టెలోనే పెట్టడం మేలు. రెండు పాత స్వెటర్లలో చుట్టి పెట్టె నడిమధ్యలో పెట్టమనండి. విమానంలో భయం లేదు. అసలు భయం బెంగళూరు ఎయిర్‌పోర్టు నుంచి మన ఊరి దాకా ఉన్న హైవే మీద.

సీసా ఉన్న పెట్టెను డిక్కీలో పెట్టకండి. సీసా బయటికి తీసి, ఏసీ తగిలే చోట, కాళ్ళ దగ్గర పడుకోబెట్టండి. దారిలో టిఫిన్‌కు ఆగితే సీసాను చేతిలో పట్టుకుని హోటల్లోకి తీసుకెళ్ళండి. ఎవరో చూస్తారని మొహమాటపడితే సంచిలో పెట్టుకోండి. ఎండలో ఆపిన కారు లోపల అరగంటలో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేడికి గాజు కంటే లోపలి ద్రవం ఎక్కువ వ్యాకోచిస్తుంది. పోవడానికి దారి లేక బిరడాను పైకి తోస్తుంది. చల్లారాక వెనక్కి తగ్గి, ఆ సందులోంచి గాలిని లోపలికి లాక్కుంటుంది. మూత రేకు మీద బిరడా ఉబ్బి కనిపించినా, మెడ మీద జిగట చార ఉన్నా ఆ పని జరిగిపోయిందని అర్థం. అలాంటి సీసాను దాచకుండా ఆ వారంలోనే తీసి చూడండి.

దాచడం

పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. బరోలోను దాచాల్సింది 12 నుంచి 14 డిగ్రీల మధ్య. మా ఇళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో గోడలే రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతుంటాయి. పదేళ్ళలో నెమ్మదిగా జరగాల్సింది మా ఇంట్లో ఒకటి రెండు వేసవుల్లో, అదీ తప్పుడు దారిలో జరిగిపోతుంది. సువాసన పోయి, ఉడికించిన పండ్ల వాసన మిగులుతుంది. మా కాలనీలో ఒకాయన ఇలాంటి సీసానే ఫ్రిజ్ నెత్తిన, మోటారు వేడి తగిలే చోట, వేసవంతా అలంకారంగా నిలబెట్టాడు. తీసి చూస్తే బిరడా సగం పొడుచుకొచ్చి ఉంది.

కాబట్టి అల్మరా వద్దు, మంచం కింద వద్దు, దేవుడి గది పక్క చీకటి కొట్టూ వద్దు. కొన్ని నెలల్లో తాగేసేదైతే ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింద, కూరగాయల డబ్బాలో, న్యూస్ పేపర్ చుట్టి పడుకోబెట్టండి. పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది, ఎండిపోదు, గాలిని లోపలికి రానివ్వదు. ఫ్రిజ్ మరీ చల్లనే, అయినా చలి వైన్‌ను నిదానం చేస్తుందే తప్ప పాడుచేయదు. ఏళ్ళ తరబడి దాచాలన్న సరదా ఉంటే వైన్ కోసమే చేసిన చిన్న ఫ్రిజ్ కొనండి, ఇన్వర్టర్ లైనుకు తగిలించండి. అంత ఖర్చు ఎందుకనుకుంటే, దాచడం అక్కడివాళ్ళకే వదిలేసి, ఇప్పటికే ఎనిమిది పదేళ్ళు గడిచిన సీసానే తెమ్మని పిల్లలకు చెప్పండి. 2010, 2016 పంటలకు మంచి పేరుంది. 2014 వానలతో ఇబ్బంది పడిన ఏడాది, 2017 ఎండలు మండిన ఏడాది. అయితే మంచి రైతు చెడ్డ ఏడాదిలోనూ మంచి వైన్ చేస్తాడు, పంట సంవత్సరం చూసి మరీ టెన్షన్ పడకండి.

ఎప్పుడు తాగాలని నన్నడిగితే డిసెంబరు మొదలుకొని సంక్రాంతి దాకా అంటాను. అప్పుడు మా ఊళ్ళో రాత్రి 17, 18 డిగ్రీలకు దిగుతుంది. బరోలో తాగాల్సింది కూడా ఇంచుమించు ఆ వేడిలోనే, 16 నుంచి 18 మధ్య. పుస్తకాల్లో రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలని రాసి ఉంటుంది. ఆ గది మన గది కాదు.

తీయడం, పోయడం

వేసవిలోనే తాగక తప్పకపోతే సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచండి చాలు. బయట ఉన్న సీసా అయితే బకెట్‌లో సగం నీళ్ళు, సగం ఐసు వేసి పావుగంట ముంచండి. వట్టి ఐసు కంటే ఐసు నీళ్ళే త్వరగా చల్లబరుస్తాయి, సీసాకు అన్ని వైపులా తగులుతాయి కదా. గ్లాసులో పోసేటప్పుడు 14, 15 డిగ్రీలు ఉంటే బాగు. మా ఊరి గాలి మిగతాది తానే చూసుకుంటుంది. పిల్లల జ్వరం థర్మామీటరు దీనికి పనికిరాదు, వంటకు వాడేది కొనుక్కోండి. మరీ వెచ్చగా తాగితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి ఇంకేమీ తెలియదు. మరీ చల్లగా తాగితే వగరు తప్ప ఏమీ తెలియదు.

బిరడా పొడుగ్గా ఉంటుంది. మర స్క్రూ లాంటి చుట్టతో, పక్కన ఆనించి రెండు అంచెల్లో లాగే ఓపెనరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కత్తితో పొడవడం, గరిటె కాడతో లోపలికి నెట్టడం చేయకండి. పదిహేనేళ్ళు దాటిన సీసా అయితే ముందు రోజే నిలబెట్టండి, అడుగున మడ్డి దిగుతుంది. పోసేటప్పుడు సీసా మెడ వెనక సెల్ టార్చి పెట్టి చూస్తూ, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. అలాంటి పాతదాన్ని ఎక్కువసేపు గాలికి పెట్టకూడదు, తీసి నిదానంగా తాగడమే.

వయసు తక్కువున్న సీసాకు మాత్రం గాలి కావాలి. పంట ఏడాది నుంచి ఆరేడేళ్ళే అయినదైతే వెడల్పాటి గాజు జగ్గులో పోసి గంటన్నర, రెండు గంటలు ఉంచండి. జగ్గులో సబ్బు వాసన, మజ్జిగ వాసన లేకుండా వేడినీళ్ళతో తొలవండి. గాజుది లేకపోతే స్టీలుది కొంతసేపటికి పర్లేదు. రాగి చెంబు, ఇత్తడి చెంబు మాత్రం వద్దే వద్దు. వైన్‌లో పులుపు ఉంది, చింతపండుతో రాగి బిందె ఎందుకు మెరుస్తుందో ఆలోచించండి, కరిగేది లోహమే. వేసవిలో ఆ జగ్గును చన్నీళ్ళ గిన్నెలో పెట్టండి.

గ్లాసు పెద్దది, మూతి లోపలికి వంగినది కావాలి. మూడో వంతుకు మించి పోయకండి. రంగు చూసి నిరాశ పడతారు. నెబ్బియోలో ముదురు ఎరుపు కాదు, పలచటి ఎరుపు, పాతబడే కొద్దీ ఇటుక రంగు. మా ఇంటికొచ్చిన మరిది అయితే "వదినా, నీళ్ళు కలిపినారా?" అని అడిగాడు. అలా కనిపించేదే నోట్లో ఎంత బలంగా ఉంటుందో ఒక్క గుక్కకు తెలుస్తుంది. ముందు వాసన చూడండి. ఎండిన గులాబీ రేకులు, చెర్రీ పండు, కొత్తగా వేసిన రోడ్డు తారు, అతిమధురం. అతిమధురం తెలియకపోతే మూలికల అంగట్లో చిన్న ముక్క కొని నమిలి చూడండి, గ్లాసులో వెంటనే గుర్తుపడతారు. ఇవేవీ లేకుండా తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది మీ తప్పూ కాదు, ఎండ తప్పూ కాదు. బిరడా నుంచి వచ్చే దోషం, దానికి మందు లేదు.

నోట్లో అంగిలి, చిగుళ్ళు పట్టేసినట్టు అయ్యే వగరు టానిన్లు అనే పదార్థాలది. అవి మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి, నోరు ఎండిపోయినట్టు ఉంటుంది. ఇక్కడే తిండి సంగతి వస్తుంది.

దేనితో తినాలి

మన సీమ కారానికి, ఈ వైన్‌కు పడదు. ఎర్రకారం పూసిన దోసె, ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ, గుంటూరు మిరప దట్టించిన నాటుకోడి పులుసు, ఏదైనా సరే. 14 శాతం ఆల్కహాల్ మిరప మంటను ఎగదోస్తుంది, వగరు దానికి తోడవుతుంది. ఓళిగలతోనూ వద్దు. తీపి తిన్న నోటికి ఈ వైన్ పుల్లగా, చేదుగా తగులుతుంది.

కొవ్వు, ప్రోటీను ఉన్న తిండి కావాలి. టానిన్లు మన నోటిని వదిలి దాన్ని పట్టుకుంటాయి. పియెమోంతెలో దీన్ని గొడ్డు మాంసాన్ని బరోలోలోనే గంటల తరబడి ఉడికించిన కూరతో, కోడిగుడ్డు సొనతో చేసిన సన్నటి పాస్తాతో, శరదృతువులో ఆల్బా ఊరి తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు) తురిమి తింటారు. మేం చేసేది పొట్టేలు మాంసం. కొవ్వున్న తొడ ముక్కలు, ఎక్కువ ఉల్లిపాయ, ధనియాలు, దంచిన మిరియాలు, ఒక దాల్చిన చెక్క. మిరప్పొడి పేరుకు చిటికెడు, చింతపండు, టమాటా లేకుండా, సన్నటి సెగ మీద రెండు గంటలు. పక్కన రాగి సంగటి, మీద నెయ్యి. కారం లేని సంగటి ముద్ద నోటిని మళ్ళీ మామూలు చేస్తుంది. మాంసం తిననివాళ్ళకు నెయ్యిలో బాగా ఎర్రగా వేయించిన పుట్టగొడుగులు, లేదా పిల్లలు తెచ్చే పార్మిజానో చీజ్ ముక్కలు. పనీర్‌తో నాకు నచ్చలేదు, చప్పగా ఉంటుంది, వైన్ దాన్ని మింగేస్తుంది.

ఒక లెక్క కూడా చెప్తాను, పాత అలవాటు. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 14 శాతం అంటే 21 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో 16 గ్రాముల పైమాటే. సీసాకు అయిదు గ్లాసులు. నలుగురైదుగురు కూర్చుంటేనే సీసా తీయండి. మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడిగి, బండి తాళాలు పక్కన పెట్టి.

మిగిలితే జగ్గులోది తిరిగి సీసాలో పోసి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. వయసు తక్కువున్న బరోలో మర్నాటికి ఇంకా మెత్తబడి ముందు రోజు కంటే బాగుంటుంది కూడా. మూడో రోజుకు వాలుతుంది. అప్పటికీ ఉంటే కుక్కర్ వద్దు, మందపాటి గిన్నెలో మాంసం వేయించి, ఆ వైన్ పోసి, మూత తీసి సగానికి ఇగిరేదాకా మరిగించి, అప్పుడు నీళ్ళు పోసి మూత పెట్టండి.